చివరి ఆయిలు డబ్బా

సాగరసంగమాన వెలసిన అంతర్వేది నరసింహస్వామికి సాష్టాంగపడి ఈ కథ చెబుతున్నాను.

కార్లన్నీ చప్పుడు లేకుండా తమంతట తామే తిరిగే కాలమది. అమలాపురం మొత్తానికి పెట్రోలు కారు సోమయాజులు మాష్టారి ఇంట్లోనే మిగిలింది. ఇంజనాయిలు తయారీ ఏనాడో ఆగిపోయింది. ఆయన బీరువాలో ఉన్నది ఒకే ఒక్క డబ్బా.

ఆ ఉదయం మాష్టారు మెకానిక్ జానీబాషాను పిలిపించి, ఆ డబ్బా బయటికి తీసి, "ఆయిలు మార్చు నాయనా" అన్నారు.

బాషా ఇంజనులోని ఆయిలు కడ్డీ తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూశాడు.

"తేనెలా ఉందండి బాబూ! రెండు వేల కిలోమీటర్లైనా తిరగలేదు. ఇంకో ఎనిమిది వేలు తిరుగుద్దండి. ఉన్న డబ్బా ఇప్పుడే పోసేస్తే, రేపు బండిని మ్యూజియానికి తోసుకెళ్ళాలండి. ఎందుకండీ తొందర?"

మాష్టారు తల వంచుకున్నారు. ఆయిలు మార్చిన ప్రతిసారీ ఆయన భార్య సుభద్రమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేది. ఇంజను ఎలా పలుకుతుందో చూద్దామని ఇద్దరూ అంతర్వేది వెళ్ళేవారు. ఆమె పోయి ఏడాదైంది. ఆయన మళ్ళీ ఆ దారి తొక్కలేదు.

"ఆయిలు మార్చకుండా అంతర్వేది ఎన్నడూ వెళ్ళలేదు బాషా."

బాషా కడ్డీని తిరిగి ఇంజనులో దించాడు. తరువాత మెల్లగా అన్నాడు: "ఇప్పుడు ఇంజన్లో ఉన్నది అమ్మగారు ఆఖరిసారి నిమ్మకాయలు పెట్టినప్పుడు పోసిన ఆయిలేనండి. పారబోసెయ్యమంటారా?"

మాష్టారు డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేశారు. పక్కసీటు తుడిచి, తాళంచెవి తిప్పారు. ఇంజను ఆమెకు తెలిసిన గొంతుతోనే పలికింది.

విన్నవారందరికీ ప్రియమైనవారితో నడిచిన దారులు ఎన్నడూ మూసుకుపోకుండు గాక!