అమాస గంప

"పిల్లా! పొద్దుగాలసంది నీ నోరు ఆడుతుంది, మొకం నిద్రపోతుంది. ఏంది గది?"

ఎదురింటి అరుగు మీదికెల్లి వచ్చిన ఆ మాటకు జములమ్మకు ఒళ్లు మండింది.

ఆయన పేరు శాంతయ్య. మల్దకల్ మనిషి. గద్వాలల చీరెలు నేసే దశరథం ఇంటికి, మగ్గాల కాడ తెగిన పోగులు అతికే పనికి కొత్తగ వచ్చిండు. వాడకట్టంత ఆయన్ను పొగరుబోతు అంటుండె. వెనకనుంచి పిలిస్తే తిరిగి చూడడాయె, రామ్ రామ్ అంటే మల్ల అనడాయె.

"ఉర్దూ చదువుతున్న. నీకెందుకు పెద్దయ్యా?" జములమ్మ ఆయన దిక్కు తిరిగి కసిరింది.

"చదివింది నిలుస్తుందా?"

జములమ్మ అరుగు కాడికి వచ్చి కూసుంది. నిలిస్తే ఇంకేంది!

వాళ్లక్క పురిటినొప్పులు పడుతుంటే ఇంటినిండ ఆడోళ్లే. ఏం చెయ్యాల్నో ఒక్కరికీ తెల్వకపాయె, అక్క పోయె. అప్పటిసంది జములమ్మకు ఒకటే పట్టు, సర్కారీ దవాఖానల కాన్పులు చేసే దాయి పని నేర్వాలని. అక్కడ చూస్తే అంత ఉర్దూనే. పక్కింటి మెహరున్నిసా పాపం ఓపికగ మాటలన్ని చెప్పింది. పొద్దున నేర్చింది మాపటికి ఉంటే గద!

పోయినేడు డాక్టరమ్మ "నబ్జ్ ఎక్కడ?" అని అడిగితే, నాడి చూపియ్యాల్సింది పోయి బొడ్డు చూపిచ్చింది. గదిల ఉన్నోళ్లు పడి పడి నవ్విండ్రు.

డాక్టరమ్మ నవ్వలే. "ఇంకొక్కసారి రా. అప్పుడు గూడ మాటలు రాకుంటే మల్ల ఈ గడప ఎక్కకు" అన్నది.

జములమ్మ ఇదంత చెప్తుంటే శాంతయ్య రెప్ప కొట్టకుండ ఆమె మొకమే చూసుకుంట కూసున్నడు.

"అన్ని మాటలు రోజూ ఒక్కతీరుగ చదువుతవా?"

"మరెట్ల చదువుతరు?"

"కొత్తగ అతికిన పోగును రేపు చూడాలె. రేపు ఆగిందా, మల్ల సంత నాడు చూడాలె. అప్పుడు గూడ ఆగిందా, అమాసకు చూడాలె. రోజూ గుంజి చూసుకుంట కూసుంటే చీరె ఎప్పుడు నేస్తవ్?"

తెల్లారి చీరెల మడతల్ల పెట్టే పాత అట్టలు అడుక్కొచ్చి చిన్న చిన్న ముక్కలు కోసిండు. ఒకదిక్కు తెలుగు మాట, ఇంకోదిక్కు ఉర్దూ మాట ఆమెతోనే రాయించిండు. మూడు గంపలు పెట్టిండు. రేపటి గంప, సంత గంప, అమాస గంప.

తడుముకోకుండ చెప్తే అట్ట తర్వాతి గంపకు పోతది. తడుముకుంటే, అమాస గంపలదైనా సరే, మల్ల రేపటి గంపకే.

"వెలుతుర్ల కూసో. నా దిక్కు చూసి చెప్పు" అనేటోడు. చెప్పినంక అట్ట తిప్పి ఆమెకే చూపిచ్చేటోడు.

ఒకనాడు అట్ట తలకిందులు పట్టిండు.

"తిప్పి పట్టు పెద్దయ్యా."

"కడుపుల బిడ్డ సుతం తలకిందులే ఉంటది. దాన్ని గూడ తిప్పి పట్టుమంటవా?"

జములమ్మ నవ్వలేక సచ్చింది.

ఇంకోనాడు బొడ్డు అని రాసిన అట్ట ఎత్తిండు.

"నాఫ్" అన్నది. తిప్పితే నాఫే. శాంతయ్య దాన్ని రేపటి గంపల ఏసిండు.

"సరిగ్గనే చెప్పిన గద!"

"చెప్పినవ్. అది ఇంకా నీది కాలే."

"చూడు మెహరున్నిసా, ఎంత అన్యాయమో!"

మెహరున్నిసా గోడ మీదికెల్లి తల పెట్టింది. "సహీగనే చెప్పింది పెద్దయ్యా! ఉర్దూ నాదా, నీదా?"

శాంతయ్య ఆమె దిక్కు చూడనన్న చూడలే.

"అబ్బో, ఏం పొగరు!" అని మెహరున్నిసా మూతి తిప్పుకుంది.

తెల్లారి అదే అట్ట ఎత్తితే జములమ్మ నోరు తెరిచింది. మాట రాలే.

ఇద్దరాడోళ్లు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. ఆమెకు రాదని ఆమెకే తెల్వకముందు ఈయనకెట్ల తెల్సె! ముసలాయన ఏ ఉస్తాద్ కాడ చదివిండో ఏమో అనుకున్నరు.

అమాస గంప నిండింది. మగ్గాల పని గూడ అయిపోయింది. శాంతయ్య మూట కట్టుకొని ఊరికి పోయిండు. బజార్ల పోతుంటే "పెద్దయ్యా!" అని జములమ్మ గొంతు చించుకుంది. మనిషి తిరగలే. ఆమె మనసు చిన్నబోయింది.

దవాఖానల డాక్టరమ్మ అడుగుడు, జములమ్మ చెప్పుడు.

"నబ్జ్?"

జములమ్మ చెయ్యి దానంతట అదే పోయి డాక్టరమ్మ మణికట్టు పట్టుకుంది.

డాక్టరమ్మ చెయ్యి వెనక్కి గుంజుకోలే. "రేపటిసంది పనికి రా" అన్నది.

తన చేతుల మీద మొదటి బిడ్డ కేరుమన్ననాడు, ఆ ఇంటోళ్లు పెట్టిన బెల్లం కొంగున కట్టుకొని జములమ్మ మల్దకల్ బండెక్కింది.

గడపల శాంతయ్య భార్య తిరుపతమ్మ ఒక్కతే కూసోనుంది. నొసట బొట్టు లేదు.

"ఎండకాలంల పోయిండు బిడ్డా."

జములమ్మ అక్కడనే కూలబడి ఏడ్చింది. ఎంతసేపటికో తేరుకొని అడిగింది.

"పెద్దయ్య అంత ఉర్దూ ఎక్కడ నేర్చిండమ్మా?"

"ఉర్దూనా? ఆయనకు తెలుగు అక్షరమే రాకపాయె."

"మరి నేను చెప్పేది ఇని, ఇది వచ్చింది, ఇది రాలే అని ఎట్ల చెప్పిండు?"

తిరుపతమ్మ ఆమెను వింతగ చూసింది.

"ఇనుడేంది బిడ్డా? మీసాలొచ్చే ఈడుల అమ్మవారు పోసి రెండు చెవులు పోయినయి, పని ఇయ్యరని ఎవ్వరికీ చెప్పకపోతుండె. నా మొకం చూసి నా కడుపుల మాటంత తెల్సుకున్నడు గాని, నా గొంతు ఎట్లుంటదో తెల్వకుండనే పోయిండు."