పెళ్ళికొడుకు పెట్టుబడి పద్దు

పెళ్ళికొడుకు కుర్చీ అంచున కూర్చున్నాడు. ఎదురుగా సోఫాలో ఆడిటరు. ఆమె ఒళ్ళో అతని కంపెనీ లెక్కల ఫైలు. మధ్యలో బల్ల మీద బిస్కెట్లు ఉన్నాయి గానీ వాటి జోలికి పోయే ధైర్యం ఎవరికీ లేదు.

ఆఫీసులో ఆమెని అందరూ భూతద్దం అంటారు. వెనకాల మాత్రమే. సంబంధం మాట ఎత్తగానే భూతద్దం ఫొటో అడగలేదు, ఎత్తు అడగలేదు. కంపెనీ లెక్కలు చూపించమంది. సంబంధం తెచ్చిన పిన్నికి తల కొట్టేసినంత పనైంది. పెళ్ళికొడుకు మాత్రం ఏమీ అనుకోలేదు. ఫైలు చంకన పెట్టుకుని తనే వచ్చాడు.

అతనిది అట్టపెట్టెలు చేసే కంపెనీ. కూర్చున్న కాసేపటికే బిస్కెట్ల పెట్టె తిప్పి చూసి, అట్ట నాసిరకమని పైకే అనేశాడు. తర్వాత సిగ్గుపడ్డాడు.

ఆ కంపెనీ గురించి పిన్ని చెబుతుంటే వినేవాళ్ళకి ఆకలి కూడా వేయదు. కిందటేడాది చేతిలో డబ్బు రెట్టింపైందట. బంగళా ఉందట. చుట్టూ తోటట. ఇలాంటి సంబంధం భూతద్దం పెట్టి వెతికినా దొరకదట. అన్నాక నాలిక కరుచుకుంది.

"డబ్బు పెరిగింది, నిజమే పిన్నీ. ఏ దారిన వచ్చిందో చూడాలిగా," అంది భూతద్దం.

పిన్నికి అర్థమయ్యేలా విడమరిచి చెప్పింది. కంపెనీలోకి డబ్బు మూడు దారుల్లో వస్తుంది, అవే దారుల్లో పోతుంది. పెట్టెలు అమ్మితే వచ్చేది వ్యాపారం దారి. అప్పులూ వాటాదార్ల సొమ్మూ ఇంకో దారి. ఈ రెంటికీ మధ్యలోది పెట్టుబడుల దారి. యంత్రాలో స్థలాలో కొంటే అక్కడ మైనస్సు పడుతుంది. వాటిని అమ్మితే ప్లస్సు పడుతుంది.

అయితే ప్లస్సే కదా మంచిది అంది పిన్ని. అందరూ పప్పులో కాలేసేది అక్కడేనంది భూతద్దం. ఎదిగే పిల్లాడికి చొక్కాలు కొంటూనే ఉండాలి. ఎదిగే కంపెనీకీ అంతే. ఆ పద్దులో మైనస్సు ఉంటే సాధారణంగా రేపటి కోసం ఏదో కొంటున్నట్టు. ప్లస్సు ఉంటే ఉన్నదేదో అమ్ముకుంటున్నట్టు. అమ్మడం అన్నివేళలా తప్పు కాదు. ఎందుకు అమ్మారో మాత్రం అడగాలి.

ఆ మాట అని అతని వైపు తిరిగింది. "మీకు ఇక్కడ ఎప్పుడూ మైనస్సే ఉండేది. కిందటేడాది ఒక్కసారిగా ఇంత ప్లస్సు. ఏం అమ్మారు?"

పెళ్ళికొడుకు నోరు తెరిచేలోపే భూతద్దం మళ్ళీ అందుకుంది.

"ఇంటి దూలం పీకి పొయ్యిలో పెట్టుకున్నా వంట అవుతుందండీ. ఆ పూటకి."

వంటింటి గుమ్మంలోంచి అమ్మ చాల్లే అంది. ఇంటికొచ్చిన మనిషిని ఇలా కడిగేయడమేమిటని విసుక్కుంది. భూతద్దం వినిపించుకోలేదు. దానికి కారణముంది. వాళ్ళ నాన్న ప్రెస్సులోనూ చివరిదాకా డబ్బు గలగలలాడేది. అచ్చు యంత్రాలు ఒక్కొక్కటే అమ్మి ఇల్లు నడిపారని ఆయన పోయాకగానీ తెలియలేదు. తాళం తీస్తే లోపల ఖాళీ గది, నేల మీద యంత్రాల కాళ్ళ గుర్తులు. ఆ రోజు అమ్మ మొహం భూతద్దం ఇంకా మర్చిపోలేదు. లెక్క చూడకుండా ఈ ఇంట్లో ఇంకెవరూ ఎవరినీ నమ్మడానికి వీల్లేదని అప్పుడే అనుకుంది.

"అడగనివ్వండి. అడగాల్సిన మాటే," అన్నాడు పెళ్ళికొడుకు. "బంగళా అమ్మేశాను."

పిన్ని చేతిలో కప్పు బల్ల మీద పెట్టేసింది.

అతను నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. బంగళా కంపెనీ పేరు మీద ఉండేది. ఎప్పటినుంచో పెట్టెలు కొంటున్న సబ్బుల కంపెనీ ఉన్నట్టుండి మానేసింది. వ్యాపారం దారి సన్నబడింది. పనివాళ్ళని తగ్గించుకోమని చెప్పినవాళ్ళే అందరూ. యంత్రాలు అమ్మితే మళ్ళీ లేవలేడు. మనుషుల్ని పంపేస్తే ఆ యంత్రాల్ని నడిపేదెవరు? తనొక్కడే తిరిగే అన్ని గదుల ఇల్లు పోతే ఎవరికీ నష్టం లేదనిపించింది. ఆ డబ్బుతో జీతాలు ఆగకుండా చూశాడు. మిగిలిన దాంతో పళ్ళ పెట్టెలు చేసే కొత్త యంత్రానికి ఆర్డరిచ్చాడు. ఇప్పుడు తను ఉండేది ఫ్యాక్టరీ పైన, ఒకటే గది. ఎంత కడిగినా జిగురు వాసన పోదు.

అయితే ఈ ఏడాది పెట్టుబడుల పద్దు ఎలా ఉండబోతోందని అడిగింది భూతద్దం.

"మళ్ళీ మైనస్సేనండీ," అన్నాడు నేరం ఒప్పుకున్నట్టు.

భూతద్దం మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

పిన్నికి ఏడుపొక్కటే తక్కువ. లేని బంగళా చూపించి సంబంధం తెచ్చినందుకు అక్క తనని జన్మలో క్షమించదనుకుంది. ఒకటే గదిలో కాపురమేమిటని గొణిగింది.

"ఆ గదికి తూర్పు వైపు పెద్ద కిటికీ ఉందిలే. పొద్దున్నే ఎండ బాగా పడుతుంది," అంది అమ్మ.

అందరూ అటు తిరిగేసరికి ఖాళీ కప్పులు ఏరుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

భూతద్దం ఆ గుమ్మం వైపు కాసేపు చూసింది. ఫైలు మూసింది. ఆఖరి ప్రశ్న ఒకటుందంది.

"గురక పెడతారా?"

"తెలీదండీ. ఆ టైముకి నేను నిద్రపోతుంటాను."

పిన్ని కళ్ళు మూసుకుంది. భూతద్దం లేచి నిలబడి, గొంతు సవరించుకుంది. వంటింట్లో కప్పులు కడిగే చప్పుడు ఆగిపోయింది.

"మా అమ్మనిచ్చి చెయ్యడానికి నాకేం అభ్యంతరం లేదండీ."