అరచేతుల గోడ

"ఆ గోడ కూలి పిల్లలు పోతే చంపింది మీరే! ఈ గదిలో కూర్చున్న ప్రతి ఒక్కరూ!"

తల్లిదండ్రుల సమావేశం ఇంకా మొదలుకానే లేదు. గోడాయన అప్పుడే లేచి నిలబడ్డాడు.

మూడో తరగతి గది. పిల్లల బెంచీల్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నారు. నలుగురు నవ్వారు. ఇద్దరు ఫోన్లలోకి తల దూర్చారు.

"మొదలెట్టాడమ్మా" అంది టైలరమ్మ పక్కావిడ చెవిలో, గదంతా వినబడేలా.

గోడాయన చిన్నకూతురు ఇక్కడ రెండో తరగతి. ఏడాదిగా ఆయన ఏ సమావేశమూ తప్పలేదు. వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట. ఆటస్థలం చివర గోడ పడగొట్టండి. అందుకే ఆ పేరు పడింది. అసలు పేరు ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ గోడంటే బడికి ప్రాణం. నాలుగేళ్ళ కిందట తల్లిదండ్రులే పూనుకుని కట్టించారు. సున్నం కొట్టిన రోజు పిల్లలందరి చేతులూ రంగులో ముంచి దానిమీద అద్దించారు. ఎరుపు, నీలం, పసుపు. మూడు వందల చిన్న అరచేతులు. నెలనెలా పిల్లల సంచుల్లో ఇంటికొచ్చే 'బడి కబుర్లు' కాగితం మీద ఇప్పటికీ ఆ గోడ బొమ్మే. ఇప్పుడు రాబోయేది నలభయ్యో సంచిక. సమావేశం కాగానే బడి పిల్లలందరినీ ఆ గోడ ముందు నిలబెట్టి ఫోటో తీయాలి.

"ఇంజనీరు గారొచ్చి చూశారు కదా బాబూ" అన్నారు పెద్ద మేడం. "పైపూత పగిలిందట, అంతే. లోపల గట్టిగానే ఉందన్నారు."

"లోపల ఏముందో ఆయన చూశాడా?"

"నువ్వు చూశావేంటయ్యా?" అన్నాడు మందుల షాపాయన. తల్లిదండ్రుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు.

గోడాయన మాట మార్చాడు.

"పోయిన నెల కబుర్లలో వేయమని చీటీ రాసిచ్చాను. ఏమైంది?"

"నేనే తీసేశాను" అంది టైలరమ్మ. కబుర్లు కూర్చేది ఆవిడే. "పసిపిల్లల చేతికిచ్చే కాగితంలో శవాల మాటలేంటండీ, అశుభం!"

ఆ చోట నిమ్మకాయ చెంచా పందెం ఫలితాలు వేసింది. కబుర్లలో పడనిది ఈ బడిలో లేనట్టే.

"ఈ ఏడు బడి తెరిచిన రోజు ఆ పగులులో నా గోరు పట్టేది. ఇప్పుడు వేలు దూరుతోంది. పెన్సిలుతో గీతలు పెట్టి తేదీలు కూడా వేశాను. వెళ్ళి చూడండి!"

"ఓహో, గోడమీద గీతలు గీస్తున్న ఘనుడు తమరేనా? పాపం, ఐదో తరగతి వాళ్ళని ఉత్తపుణ్యానికి గుంజీలు తీయించాం" అన్నాడు మందుల షాపాయన.

గది ఘొల్లుమంది.

"నవ్వండి. బాగా నవ్వండి." గోడాయన గొంతు తగ్గింది. "కళ్ళు మూస్తే నాకు ఆ చేతులే. బయటినుంచి అద్దినట్టుండవు. గోడ లోపలున్న పిల్లలెవరో నెడుతున్నట్టుంటాయి. చెవి ఆనిస్తే ఇసుక రాలుతున్న చప్పుడు. ఆగుతుంది, మళ్ళీ రాలుతుంది. మా పెద్దది ఇప్పుడు హైస్కూలు. దాని చెయ్యీ అక్కడే ఉంది, కింది వరసలో, నీలం రంగు. మొన్నటికి పగులు దాని బొటనవేలు దాటింది. ఇవాళ పొద్దున చూస్తే అరచెయ్యి రెండు ముక్కలు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. టైలరమ్మ ఎందుకో తన చెయ్యి ఒకసారి చూసుకుని కొంగులో దాచుకుంది.

పెద్ద మేడం బీరువాలోంచి పాత ఫైలు తీశారు.

"నేనీ బడికొచ్చి ఏడాదే. ఆ గోడ కట్టిననాటి సంఘంవాళ్ళు ఇప్పుడెవరూ లేరు, వాళ్ళ పిల్లలు పై బళ్ళకి వెళ్ళిపోయారు. కానీ మొదటి సంచికలో ఏం రాశారో వినండి." కళ్ళజోడు సర్దుకుని చదివారు. "'తల్లిదండ్రులంతా కలిసి ఇరవై బస్తాల సిమెంటు, ఇటుకలు, ఇసుక తెచ్చిపెట్టారు. సెలవుల్లో ఒక మేస్త్రి ఒక్కడే రెండు వారాలు ఎండలో నిలబడి గోడ లేపాడు. కూలి పుచ్చుకోలేదు. కబుర్లలో పేరు వేస్తామంటే వద్దన్నాడు. అంతటి మనసున్న ఆ మేస్త్రికి మా పిల్లలందరి దండాలు.'"

కాగితం మడిచారు.

"అలాంటి మనిషి చేతిపనిని శంకించడానికి నీకు మనసెలా వచ్చింది బాబూ?"

బయట విజిల్ మోగింది. కిటికీలోంచి డ్రిల్లు మాస్టారి కేక వినబడింది.

"పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక! వెనక వరస కదలొద్దు. గోడకి ఆనుకోండి, ఇంకా గట్టిగా ఆనుకోండి!"

గోడాయన బెంచీ తోసేసుకుంటూ కిటికీ దగ్గరికి ఉరికాడు. ఊచలు రెండు చేతులా పట్టుకుని, వెనక్కి తిరిగి అరిచాడు.

"పేరు వద్దన్నది నేనే మేడం, ఆ ఇరవై బస్తాల్లో పన్నెండు మా ఇంటి గచ్చులో ఉన్నాయి, ముందు పిల్లల్ని అక్కణ్ణించి లాగండి, గోడ ఇవాళే పడగొట్టండి, ఈసారి మొదటి పేజీలో నా పేరు వేయండి!"