కోరలు తీసిన బూజు

టమాటా ఆకుల్ని కుళ్లబెట్టే బూజులోంచి రోగం తెచ్చే జన్యువును పరిశోధకురాలు తీసేసింది. ఇక అది కోరలు పీకిన పామేనని పైవాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లదేం పోయింది! ఆ ధీమాతోనే ఆమె నియమాలన్నీ తుంగలో తొక్కి, బూజు చల్లిన ఒక మొక్కను చెల్లెలికి ఇచ్చింది. చెల్లెలు దాన్ని పసిపాప ఉయ్యాల పక్కన పెట్టుకుంది.

ఆ రాత్రి ల్యాబులో దీపాలు ఆరిపోయాక ఆమె టార్చితో మొక్కల్ని చూసింది. ఒక్క ఆకు మీదా మచ్చ లేదు. పోల్చి చూడటానికి ఉత్త నీళ్లు చల్లి ఉంచిన మొక్కలు ఎప్పటిలాగే ఉన్నాయి. బూజు చల్లినవి మాత్రం అన్నీ తనవైపే వంగి ఉన్నాయి. ఆమె పక్కకు జరిగింది. సరసరమని చప్పుడైంది. ఆకులూ జరిగాయి.

వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఆ మొక్కని బయట పారెయ్యవే! ఇప్పుడే!"

"అర్ధరాత్రి ఇదేం గోలక్కా? నిక్షేపంలా ఉంది. పొద్దున కిటికీవైపు వంగి ఉండేది, నేను పడుకునేముందు చూస్తే ఉయ్యాలవైపు వంగింది."

"పాప ఏం చేస్తోంది?"

"ఇందాకటిదాకా ఒకటే ఏడుపు. ఉన్నట్టుండి ఊరుకుంది. ఉండు, చూస్తా."

లైటు మీట నొక్కిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఫోన్లో అదే సరసరమనే ఆకుల చప్పుడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా చెల్లెలు పలకలేదు.