మాణిక్యమ్మ దొరువు

"ఏవయ్యా పెద్దాయనా! నా దొరువులో ఏం కలుపుతున్నావు?"

మాణిక్యమ్మ కేకకి ఆ ముసలాయన చేతిలో సీసా జారిపోయింది.

"కలపడం లేదమ్మా. కాసిని నీళ్ళు ముంచుకుంటున్నా."

"తాగడానికి దోసిలి చాలదూ? సీసా ఎందుకు? ఎవరు పంపారు నిన్ను?"

ఆయన దూరంగా, తవ్వి లారీలకి ఎత్తుతున్న ఇసుక దిబ్బ వైపు చూశాడు.

ఆ చూపుతో ఆవిడ అనుమానం గట్టిపడింది.

బాపట్లకీ సముద్రానికీ మధ్య ఉన్న ఆ ఊరికి దొరువులే ఆధారం. ఇసుకలో మనిషి లోతు గుంట తవ్వితే తియ్యటి నీరు ఊరుతుంది. ఆ నీళ్ళు కుండలతో మోసి, అరెకరంలో వంగా బెండా పండించి, మొగుడు పోయాక కూడా ఇద్దరాడపిల్లల్ని ఒక ఒడ్డుకి చేర్చింది మాణిక్యమ్మ.

అరవై ఆరులో కాంట్రాక్టరు లారీలు వచ్చాయి. దిబ్బ కరుగుతున్నకొద్దీ పక్కనున్న దొరువులు ఒక్కొక్కటే ఉప్పెక్కాయి. నారు మాడిపోయింది. ఊరు గోల చేస్తే కాంట్రాక్టరు మనుషులు వచ్చి, నీళ్ళు నోట్లో పోసుకుని, "కొబ్బరి నీళ్ళలా ఉన్నాయి" అని కాగితం మీద రాసుకుపోయారు.

ఇదిగో, ఏడాది తిరక్కుండానే ఇంకొకడు.

"ఏసుబాబూ! మళ్ళీ పంపాడ్రా!"

పక్క చేలోంచి ఏసుబాబు పరుగున వచ్చాడు.

"ఏంటి మాణిక్యమ్మ పిన్నీ? ఎవరీయన? ఏ ఊరండీ మీది?"

"రేపల్లె అవతల. సముద్రపొడ్డు. నా పేరు శివరామయ్య."

"రేపల్లె అవతల నుంచి సీసాడు నీళ్ళ కోసం వచ్చారా? ఎవరికి చెబుతారీ కబుర్లు?"

ఏసుబాబు తోసిన తోపుకి ఆయన బోర్లా పడ్డాడు. మోచెయ్యి దోక్కుపోయింది.

లేచి పంచె దులుపుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు.

"వాన నీళ్ళని దాచిపెట్టేది దిబ్బేనమ్మా. అది పోతే సముద్రం అడుగునుంచే నడిచొస్తుంది. ఆలస్యం చెయ్యకండి."

"మాకు తెలీదా? వెళ్ళి నీ కాంట్రాక్టరుకి చెప్పు, ఫో!"

పై నెల మళ్ళీ వచ్చాడు.

"నేను దిగనమ్మా. నువ్వే ముంచి ఇవ్వు."

ఆవిడ కుండ నిండా ముంచి, ఆయన చూస్తుండగా నేలమీద కుమ్మరించింది.

ఆ పై నెలా వచ్చాడు. నెలనెలా వచ్చాడు. ఊళ్ళో కొందరు తిట్టారు, కొందరు పోనీలే అని ముంచుకోనిచ్చారు. శీతాకాలానికి మాణిక్యమ్మకి కూడా అరిచే ఓపిక పోయింది. ఆయన సీసా నింపుకుంటుంటే మొహం తిప్పుకుని కూచునేది.

మాఘమాసంలో రాలేదు.

"పీడ వదిలింది" అనుకుంది.

ఆ నెలలోనే ఊరంతా ఆడా మగా కలిసి లారీలకి అడ్డంగా పడుకున్నారు. పోలీసులొచ్చారు. వ్యవహారం తెనాలిలో విచారణకి వెళ్ళింది.

"నీళ్ళు చెడ్డాయనడానికి రుజువేంటి?" అనడిగాడు అధికారి.

"తాగి చూడండి బాబూ," అంది మాణిక్యమ్మ.

కాంట్రాక్టరు ప్లీడరు నవ్వాడు. "సముద్రపొడ్డున నీళ్ళు ఉప్పగా ఉండక పంచదారలా ఉంటాయాండీ? అక్కడ మొదట్నుంచీ అంతే సార్."

అధికారి బల్ల మీదున్న కట్ట విప్పాడు.

"మొదట్నుంచీ అంతే కాదులెండి. ఇవి పోస్టులో వచ్చాయి. నెలనెలా, దొరువు దొరువుకీ నీళ్ళు పట్టి, బాపట్లలో వ్యవసాయ కాలేజీ వాళ్ళ చేత పరీక్ష చేయించిన కాగితాలు. ఏ నెలకి ఎంత ఉప్పు పెరిగిందో లెక్క కట్టి ఉంది. మాణిక్యమ్మ ఎవరు?"

ఆవిడ లేచి నిలబడింది.

"మే నెల, మాణిక్యమ్మ దొరువు: నీళ్ళు ఇవ్వలేదు. జూన్: ఇవ్వలేదు. ఆమె కోపం న్యాయమైనది." అధికారి తలెత్తాడు. "కింద శివరామయ్య అని సంతకం ఉంది. మీ ఊరాయనేనా?"

ఏసుబాబు తల దించుకున్నాడు.

తవ్వకం ఆగిపోయింది. ఊళ్ళో సంబరాలు చేసుకున్నారు. మాణిక్యమ్మకి మాత్రం ముద్ద దిగలేదు.

మూడో రోజు గంపెడు వంకాయలు నెత్తిన పెట్టుకుని రేపల్లె బస్సెక్కింది. దిగి, దారి అడుగుతూ అడుగుతూ ఆ ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది.

సగం ఇళ్ళకి తాళాలు. పచ్చని ఆకన్నది లేదు. నేల మీద తెల్లగా ఉప్పు పెచ్చు కట్టింది.

శివరామయ్య ఇంట్లో ఆయన కూతురు అనసూయ ఒక్కతే ఉంది.

"నాన్న మాఘ పౌర్ణమికి పోయారు పిన్నీ. జ్వరంలో కూడా బాపట్ల బస్సు వేళ అడుగుతూనే ఉన్నారు."

మాణిక్యమ్మ గంప దించి గుమ్మంలోనే కూచుంది.

"గుక్కెడు నీళ్ళియ్యి తల్లీ."

అనసూయ మూత పెట్టిన బిందెలోంచి జాగ్రత్తగా, చుక్క ఒలకనీకుండా గ్లాసులో పోసింది.

"కాలవ నీళ్ళు పిన్నీ. మూడు మైళ్ళు మోసుకొస్తాం."

"మీకు దొరువుల్లేవా?"

"ఉండేవి. దిబ్బ పోయింది, అవీ పోయాయి. ఊరు ఊరంతా వలస పోయింది."

మాణిక్యమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

"ఇంతమంది నోట మన్ను కొట్టి ఆ దిబ్బ అమ్ముకున్న పాపాత్ముడెవడమ్మా?"

"మా నాన్నే పిన్నీ," అంది అనసూయ.