వేలికి తగలని అతుకు

"ఇది మీ ఊళ్లో చేసింది కాదేమో రసూల్ గారూ," అంది మాధవీలత, పుంగనూరు బజారులోని అతని ఇత్తడి సామాన్ల అంగట్లో, గిరాకీలందరూ వింటుండగానే.

ఆమె పాత పనిముట్లకు ఎక్స్‌రేలు తీసి పరిశోధించే మనిషి. రసూల్ ఇంట్లో తరాలుగా ఉన్న నక్షత్రాల గోళాన్ని, గుమ్మడికాయంత ఇత్తడి బంతిని, బెంగుళూరు తీసుకెళ్లి, కాసేపటి క్రితమే తిరిగి తెచ్చి ఇచ్చింది.

రసూల్ మొహం మాడిపోయింది. "గుర్రంకొండ నవాబుల వంశమోళ్లకని మా ముత్తాత చేసిందమ్మా. ఎవురో చేసిందాన్ని మాదని యాల చెప్పుకుంటాం?"

"మా సంస్థలో పెద్దవాళ్లు ఉత్తరాదిదంటున్నారు." ఆమె ఒక ఫిల్మును వెలుతురుకు పట్టింది. గోళం అడుగున చిన్న మచ్చ. "ఇది పోత పోసినప్పటి మన్ను. లోపలే ఉండిపోయింది. అది దొరికితే ఏ ఊరిదో తేలిపోయేది. ఎలా దొరుకుతుంది!"

"రెండు చిప్పలు పోసి అతికించినారమ్మా. అతుకు వేలికి కూడా తగలదు, తడిమి సూడు. అదీ మావోళ్ల చెయ్యి."

"మిగతా ఫిల్ములు కూడా చూసి చెప్తాను," అని ఆమె వెళ్లిపోయింది. ఒక మాట అనేసి పోవడం తేలికే. పడ్డవాడికే నిద్ర పట్టదు.

మరుసటి వారం మాధవీలత మదనపల్లె బస్సు దిగి పరుగులాంటి నడకతో వచ్చింది. రసూల్ ఆమె కోసమే కాచుకున్నట్టు లేచి, గల్లాపెట్టె వెనక నుంచి ఒక కాగితం పొట్లం తీశాడు. మొహం వెలిగిపోతోంది.

"ముందు ఇది సూడమ్మా."

"అదంతా తర్వాత! ముందు నా మాట వినండి. మ్యూజియం వాళ్లు మీ గోళాన్ని అడుగుతున్నారు. మీ ఇంటి వస్తువని మీ ముత్తాత పేరు కూడా రాస్తామన్నారు."

"మా ముత్తాత పేరా!" రసూల్ పొట్లాన్ని గుండెకు అదుముకున్నాడు. "ఉత్తరాదిదన్నారే?"

"ఎక్కడిదైనా సరే, ఇలాంటి పనితనం మావాళ్లెవరూ చూడలేదట. అవి రెండు చిప్పలు కావు రసూల్ గారూ. మొత్తం ఒకే పోత! ఫిల్ములన్నీ వెతికాం, గోళం మీద ఎక్కడా అతుకే లేదు."

రసూల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో పొట్లం జారి కింద పడింది. నల్లగా కాలిన మన్ను నేల మీద చెదిరింది.

"ఉండాదమ్మా," అన్నాడు. "ఆ మన్ను కోసం గోళం కోసి, మొన్న నేనే అతుకేసినా."