ఇరవయ్యో తారీఖు గంట

మాటలు ఇంటర్నెట్‌లో ఊరికే ఎగరడం మొదలయ్యాక, మా ఊరి ఫోను తీగల మీద పిచ్చుకలు తప్ప ఎవరూ మాట్లాడుకోలేదు. ఫోను కంపెనీ మొదట అలిగింది, తర్వాత కోర్టుకెక్కింది, ఆఖరికి తనూ ఇంటర్నెట్టే అమ్ముకుంది. నెలరోజులు గంట మోగని తీగను చుట్టేయమని మా లైన్‌మన్లకి ఆర్డరేసింది. అలా నేను చుట్టిన తీగ చందమామకి రెండు చుట్లు వస్తుంది. నేనే కొలిచాను.

మిగిలింది సీతారావమ్మగారి ఒక్క తీగ. అది పోతే లైన్‌మన్‌గా నేనూ పోతాను. అందుకని ప్రతి నెలా ఇరవయ్యో తారీఖున ఆవిడ ఇంటి వెనక స్తంభమెక్కి, టెస్టు ఫోను తగిలించి, నేనే గంట మోగించేవాణ్ణి.

"ఎవరూ?"

"లైను టెస్టింగమ్మా."

"టెస్టింగుకి గంటసేపు కబుర్లేటి నాయినా?" అనేది. పెట్టేసేది మాత్రం కాదు.

పోయిన నెల గొంతు తగ్గించి చెప్పింది. "అప్పన్నా, నాను ఇజీనారం మా చెల్లి దగ్గరికెళ్ళిపోయి మూడేళ్ళయింది. ఈ ఫోనెత్తడానికే నెలనెలా బస్సెక్కి వత్తన్నాను. ఇంక మోకాళ్ళు ఒప్పుకోవు."

"ముందే సెప్పొచ్చు కదమ్మా!"

"సెప్తే నువ్వెవరితో మాట్లాడతావు?"

రూలు ప్రకారం గంట మోగితే చాలు, ఎవరూ ఎత్తనక్కర్లేదు. ఈ నెలా స్తంభమెక్కాను. తాళం వేసిన ఇంట్లో గంట మోగుతూనే ఉంది. అలవాటుకొద్దీ "లైను టెస్టింగమ్మా" అన్నాను.

పక్కనున్న పిచ్చుక లేచిపోయింది.